‘ఉసాగి డ్రాప్’ గొడవ: అసలు సంగతి ఆ దాటేసిన పదేళ్లలో ఉంది

‘ఉసాగి డ్రాప్’ అనే మాంగా (జపాన్ బొమ్మల కథ) ముగింపు మీద మళ్లీ గొడవ మొదలైంది. కన్నవాళ్లు కాని పెద్దలు పిల్లల్ని పెంచే మాంగా ఏది జనంలోకి వచ్చినా దీని పేరు రావడం, రాగానే రెండు వర్గాలు తగువుకు దిగడం మామూలైపోయింది. తాత అంత్యక్రియలకు వెళ్లిన ముప్పై ఏళ్ల దాయికిచి, ఆయన కూతురని చెప్పిన ఆరేళ్ల రిన్‌ను చుట్టాలెవరూ వద్దంటే తన ఇంటికి తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. వాదనంతా, పెద్దయిన రిన్ తనను పెంచిన దాయికిచినే పెళ్లి చేసుకోవాలనుకునే చివరి సంపుటి చుట్టూ తిరుగుతుంది. కానీ కథ తెగింది అక్కడ కాదు, నాలుగో సంపుటికీ ఐదో సంపుటికీ మధ్య.

యుమి ఉనిటా దీన్ని 2005లో ‘ఫీల్ యంగ్’ అనే మహిళల మాంగా పత్రికలో మొదలుపెట్టారు. మొదటి నాలుగు సంపుటాల నిండా పిల్లని పెంచే చాకిరీయే. పక్క తడిపిన రిన్ అది చెమటేనంటుంది. చావు భయం ఆ పిల్లని నిద్రలో కూడా వదలట్లేదని దాయికిచికి మెల్లగా అర్థమవుతుంది. పొద్దున డేకేర్‌కి పరుగు, అక్కణ్నుంచి ఆఫీసుకి పరుగు, సాయంత్రం మళ్లీ పరుగు. చివరికి ఓవర్‌టైమ్ లేని విభాగానికి మార్చమని తనే అడుగుతాడు. ఉద్యోగం చేసే తల్లులు రోజూ పడే టెన్షన్‌ని ఒక మగవాడు పడుతుంటే ఇంత వివరంగా చూపిన కథలు తక్కువ.

ఐదో సంపుటి తెరిస్తే రిన్‌కి పదహారేళ్లు. ఈ మధ్యలో వచ్చిన జ్వరాలు, అలకలు, స్కూల్ మీటింగులు ఏవీ మనం చూడలేదు. దాయికిచి తండ్రి అయింది ఆ పదేళ్లలోనే. అవి పేజీల మీద ఉండి ఉంటే, చివర్లో పెళ్లి మాట రాయడానికి చెయ్యి వచ్చేది కాదని నా నమ్మకం.

చట్టం వైపు నుంచి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. తాత కూతురిగా రిన్ దాయికిచి తల్లికి చెల్లెలు, అంటే వరసకు పిన్ని. మనకు పిన్ని అంటే తల్లి లెక్కే. జపాన్ సివిల్ కోడ్ 734వ ఆర్టికల్ ప్రకారం ఇంత దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి కుదరదు. 736వ ఆర్టికల్ ప్రకారం దత్తత తీసుకున్నవాళ్లకీ, దత్తత పిల్లలకీ మధ్య కూడా కుదరదు, దత్తత రద్దయినా సరే. కథలో దత్తత జరగనే జరగదు. రిన్ అసలు ఆ తాతకు పుట్టిన బిడ్డే కాదని చివర్లో బయటపడుతుంది. రెండు అడ్డంకులూ అలా తొలగిపోయాయి.

ముగింపును సమర్థించేవాళ్లు ఒక పాత సన్నివేశం చూపిస్తారు. తండ్రి అనే మాట వచ్చినప్పుడు చిన్న రిన్, దాయికిచి దాయికిచిగానే ఉంటే చాలన్నట్టు మాట్లాడుతుంది. పెళ్లి కోరికా రిన్‌దేనని గుర్తుచేస్తారు. నిజమే. అయితే ఆరేళ్ల పిల్ల ‘నాన్న’ అనకపోతే, పెంచినవాడు నాన్న కాకుండా పోతాడా?

కోపం ఇప్పటికీ చల్లారకపోవడానికి ఇంకో కారణం 2011. మాంగా ప్రధాన కథ ముగిసిన ఏడాదే 11 ఎపిసోడ్ల అనిమే (యానిమేషన్ సిరీస్), కెనిచి మత్సుయామా నటించిన సినిమా వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది చిన్న రిన్ కథే. తెర మీద చూసి మనసు పారేసుకున్నవాళ్లు, తర్వాతేమైందో తెలుసుకుందామని పుస్తకాలు కొనుక్కుని, ఏ హెచ్చరికా లేకుండా ఐదో సంపుటిలోకి అడుగుపెట్టారు.

అదే ‘ఫీల్ యంగ్’లో 2017లో తొమొకో యమషితా ‘ఇకొకు నిక్కి’ మొదలైంది. అమ్మానాన్నలను పోగొట్టుకున్న అసా అనే అమ్మాయిని, రచయిత్రి అయిన పిన్ని మకియో ఇంటికి తీసుకెళుతుంది. నిన్ను ప్రేమించగలనో లేదో తెలియదని ఆ పిల్లకే నేరుగా చెబుతుంది, కానీ నిన్ను ఎప్పుడూ తొక్కెయ్యనని మాటిస్తుంది. అసా వయసు పదిహేను. రిన్ కథలో మనకి చూపించకుండా దాటేసిన వయసు అది.