చిట్టెలుక మేత మారినప్పుడల్లా మారిన ఫ్యాటీ లివర్

1930ల మొదట్లో టొరంటోలో ఛార్లెస్ బెస్ట్ బృందం ముందు ఒక చిక్కుంది. క్లోమం తీసేసి ఇన్సులిన్‌తో బతికిస్తున్న కుక్కల కాలేయాలకు విపరీతంగా కొవ్వు పడుతోంది. మేతలో లెసిథిన్ (గుడ్డు సొనలో ఉండే కొవ్వులాంటి పదార్థం) కలిపితే తగ్గింది. అందులో పనిచేసేది కోలిన్ అనే పోషకమని తర్వాత తేలింది. కోలిన్ చాలకపోతే దాంతో తయారయ్యే ఫాస్ఫటిడైల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థం తయారీ కుంటుపడుతుంది. అది లేకుండా కాలేయం కొవ్వును వీఎల్‌డీఎల్ అనే, కొవ్వు మోసే రేణువులుగా చుట్టి రక్తంలోకి పంపలేదు.

1980లో మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం, మద్యం అలవాటు లేనివారిలోనూ కనిపించిన, కొవ్వు పట్టడంతోపాటు వచ్చే కాలేయ వాపుకు ‘నాష్’ అని పేరు పెట్టింది. 2023లో ఆ పేరు ‘మాష్’గా మారింది. దానికి జంతు నమూనా (అదే జబ్బు తెప్పించిన ప్రయోగ జంతువు) కావలసివస్తే ఆ పాత కిటుకే అక్కరకొచ్చింది: మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం, కోలిన్ రెండూ లేని ‘ఎంసీడీ’ మేత. కొన్ని వారాల్లోనే వాపు, సుమారు 8 వారాలకు ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చకట్టడం). కానీ చిట్టెలుక చిక్కిపోతుంది, ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం) రాదు. క్లినిక్‌కి వచ్చే రోగిది సరిగ్గా దీనికి ఎదురు.

పోనీ 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేత పెడితే? ఒళ్లొస్తుంది, షుగరూ పెరుగుతుంది, ఫైబ్రోసిస్ మాత్రం నెలల తరబడి మేపినా అంతంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో గుర్తించిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఎలుకలు మామూలు మేతతోనే ఊబకాయులవుతాయి. అది జన్యువు చలవ.

మధ్యేమార్గంగా వచ్చింది ‘ఏఎంఎల్ఎన్’ అనే మేత: 40 శాతం కొవ్వు, 22 శాతం ఫ్రక్టోజ్, 2 శాతం కొలెస్ట్రాల్, దాదాపు ఆరు నెలల మేపుడు. ఇందులో కీలకం ట్రాన్స్ ఫ్యాట్, మన డాల్డా జాతిదే. అమెరికా ఎఫ్‌డీఏ 2015లో దాన్ని సురక్షిత పదార్థాల కోవ నుంచి తీసేయడంతో ల్యాబులూ పామాయిల్‌తో చేసిన ‘గాన్’ మేతకు మళ్లాయి. జనం తిండి నియమం ఎలుక తొట్టిదాకా వెళ్లిందన్నమాట.

కొలతల సంగతి ఇంకా తిరకాసు. కాలేయం ముక్కను మైక్రోస్కోపులో చూసి వేసే 2005 నాటి ‘నాస్’ స్కోరు కొవ్వుకు 3, వాపుకు 3, కణాల ఉబ్బుకు 2, మొత్తం గరిష్ఠంగా 8 పాయింట్లు ఇస్తుంది. ఆ ఉబ్బు చిట్టెలుకలో స్పష్టంగా కనబడడం అరుదు. మనుషుల్లో ఫైబ్రోసిస్‌ను అంచనా వేసే ఫిబ్-4 లెక్కలో వయసు, ప్లేట్‌లెట్లు, కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఉంటాయి, 1.3 కింద ముదిరిన ఫైబ్రోసిస్ అవకాశం తక్కువ, 2.67 పైన ఎక్కువ. 65 దాటినవారికి కింది గీత 2.0 గా తీసుకోవాలి, లేకపోతే ముసలితనమే జబ్బులా కనిపిస్తుంది. చిట్టెలుకకు ఈ లెక్క పనికిరాదు.

చేతి తప్పులూ ఉన్నాయి. రక్తం తీసేముందు రాత్రంతా పస్తుంచితే ఒంటి కొవ్వు కరిగి కాలేయానికే చేరుతుంది, పరీక్షిస్తున్న మందు పనిచేయలేదనిపిస్తుంది. 4-6 గంటలు చాలు. కాలేయం ముక్కను పారఫిన్ (మైనం) బ్లాకులో పెట్టేటప్పుడు కొవ్వు ద్రావకాలకు కరిగిపోతుంది కాబట్టి, కొవ్వును చూపే ఆయిల్ రెడ్ ఓ రంగుకు గడ్డకట్టించిన కోతలే వాడాలి. ల్యాబుల్లో పెంచే హెప్‌జీ2 అనే మానవ కాలేయ క్యాన్సర్ కణాల్లో, ఫ్యాటీ లివర్‌కు దారితీసే పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యు మార్పు (2008లో బయటపడింది) రెండు ప్రతుల్లోనూ ముందే ఉంది. అది తెలియక వాటిని ‘సాధారణ కాలేయం’ అనుకునేవాళ్లున్నారు.

ఒకే మేత తిన్న చిట్టెలుకలన్నిటికీ ఫైబ్రోసిస్ ఒకేలా రాదు. అందుకే జాగ్రత్తగా చేసేచోట మందు మొదలుపెట్టకముందే ఒక్కోదాని కాలేయంలోంచి చిన్న ముక్క తీసి చూసి, జబ్బు నిజంగా పట్టినవాటినే ప్రయోగంలోకి తీసుకుంటారు.