టీవీని మానిటర్‌గా పెడితే అంచులు ఎందుకు తెగుతాయి?

కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపగానే కింద టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంది, పైమూల విండో మూసే గుర్తు సగం తెగిపోతుంది. చాలామంది ముందు కేబుల్‌ను, తర్వాత గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు. నిజానికి కోసేది టీవీయే. ఓవర్‌స్కాన్ అనే ఈ పద్ధతి పిక్చర్ ట్యూబు కాలం నాటిది.

ట్యూబులో బొమ్మ సైజు నిలకడగా ఉండేది కాదు. విడిభాగాలు పాతబడేకొద్దీ మారేది, వోల్టేజీ పడిపోతే నాలుగువైపులా కుంచించుకుపోయేది. టీవీతోపాటే స్టెబిలైజరూ కొన్న తరానికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నల్ల అంచు బయటపడకుండా తయారీదారులు బొమ్మను తెరకంటే కాస్త పెద్దగా పరిచి, మిగిలింది ఫ్రేము వెనక దాచేవారు. ఎంత దాగుతుందో సెట్టు సెట్టుకూ తేడా. అందుకే ప్రసార సంస్థలు ముఖ్యమైన దృశ్యాన్ని మధ్య 90 శాతంలో, అక్షరాలను 80 శాతంలో ఉంచేవి. వీసీఆర్ బొమ్మ అడుగున కదిలే చెత్త గీత కూడా ఆ మరుగులోనే పోయేది.

ఎల్‌సీడీ ప్యానెల్‌లో ప్రతి పిక్సెల్‌కూ స్థిరమైన చోటుంది, కోయాల్సిన పనే లేదు. అయినా పాత ప్రసారాల అంచుల్లోని చెత్త కనిపించకూడదని కోత కొనసాగింది. మొత్తం 5 శాతం కోసే టీవీ 1920×1080 బొమ్మలోంచి 1824×1026 మాత్రమే తీసుకుని, దాన్నే సాగదీసి తెర నింపుతుంది. అడుగున పోయేవి 27 పిక్సెళ్లు. విండోస్ 10 టాస్క్‌బార్ ఎత్తు మామూలుగా 40. అక్షరాలు మసకబారేదీ ఈ సాగదీతవల్లే.

2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐలో, పంపుతున్న బొమ్మను కోయాలో వద్దో టీవీకి చెప్పే ఏర్పాటు ఉంది. చాలా టీవీలు దాన్ని పట్టించుకోవు. ఇక ఏఎండీ గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లు, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, టీవీ ఎలాగూ కోస్తుందనుకుని, బొమ్మను ముందే కుదించి పంపేవి. కోయని టీవీకి అలా పంపితే చుట్టూ నల్ల పట్టీ మిగిలేది.

కాబట్టి సరిచేయాల్సింది ముందు టీవీలోనే. కంప్యూటర్ 1920×1080 పంపుతోందని చూసుకుని, అదే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లో ఉండగా పిక్చర్ సైజు మెనూ తెరవాలి. కావాల్సిన ఎంపిక శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్ లేదా ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో ఫుల్ పిక్సెల్, ఫిలిప్స్‌లో అన్‌స్కేల్డ్, షార్ప్‌లో డాట్ బై డాట్. ఒకే పనికి ఇన్ని పేర్లు పెట్టడం కంపెనీల పుణ్యమే. కనిపించకపోతే ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చి చూడండి. కొన్ని మోడళ్లలో కోత ఆగడమే కాదు, రంగు అక్షరాల అంచులూ తేటపడతాయి.

టీవీలో దారి లేకపోతేనే డ్రైవర్ జోలికి వెళ్లాలి: ఎన్‌విడియాలో డెస్క్‌టాప్ సైజు మార్చే పేజీ, ఏఎండీలో హెచ్‌డీఎంఐ స్కేలింగ్. అంచులు కనిపిస్తాయి గానీ, కంప్యూటర్ కుదించిన బొమ్మను టీవీ మళ్లీ సాగదీస్తుంది కనుక మసక పోదు.

32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల్లో మరో చిక్కుంది. చాలావాటి ప్యానెల్ 1366×768. హెచ్‌డీఎంఐలో 1280×720 గానీ 1920×1080 గానీ పంపితే, కోత ఆపినా అక్షరాలు పదునుగా రావు. వెనక వీజీఏ సాకెట్ (పాత మానిటర్ కేబుల్ పెట్టేది) ఉంటే దానిలో 1360×768 పెట్టి చూడండి. ఆ దారిలో టీవీలు సాధారణంగా అంచులు కోయవు.