గొర్రె పిల్లలు ఎదగడం లేదా? ముందు నట్టల సంగతి చూడండి

వానలు మొదలైన రెండు నెలలకు కాపరులు నా దగ్గరకు తెచ్చే మాట దాదాపు ఒకటే: "మేతకు లోటు లేదు డాక్టరుగారూ, పిల్లలే ఒళ్లు చేయడం లేదు."

అపోహ: పెంటికల్లో పురుగులు కనిపిస్తేనే నట్టలు (పొట్టలో, పేగుల్లో ఉండే పురుగులు) ఉన్నట్టు.

వాస్తవం: బియ్యపు గింజల్లా పడేవి బద్దె పురుగు ముక్కలు. వాటిని చూసి అందరూ కంగారు పడతారు కానీ, పిల్లను ఎక్కువగా దెబ్బతీసేది పెంటికల్లో కనిపించని హీమాంకస్ అనే నట్ట. అది నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. 500 పురుగులుంటే 25 మి.లీ. పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తమే 600-700 మి.లీ.!

పోయిన సెప్టెంబరులో ఒక మందలో చనిపోయిన నాలుగు నెలల పిల్లను కాపరి ఎదుటే కోసి చూశాను. నాలుగో పొట్ట తెరవగానే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టున్న సన్నని పురుగులు కుప్పగా కనిపించాయి. ఎరుపు అవి తాగిన రక్తం, తెలుపు వాటి అండాశయం. "పెంటికలు రోజూ చూస్తూనే ఉన్నాను కదయ్యా" అన్నాడాయన. చూడవలసింది కన్ను. కింది రెప్పను మెల్లగా లాగితే లోపలి పొర ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే వెంటనే వైద్యం కావాలి. దవడ కింద నీరు దిగే దాకా ఆగకండి.

అపోహ: పారుడు లేదు కాబట్టి నట్టలు లేవు.

వాస్తవం: హీమాంకస్ ఒక్కటే ఉంటే సాధారణంగా పారుడు ఉండదు. పెంటికలు గట్టిగానే పడతాయి.

అపోహ: పిల్ల గిడసబారితే అది జాతి లోపం.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. నట్టలున్న పిల్లకు ముందు ఆకలి మందగిస్తుంది. తిన్న కాస్త మాంసకృత్తులు కూడా కండకు, ఎముకకు చేరకుండా, పోయిన రక్తాన్ని పూడ్చడానికి, దెబ్బతిన్న పేగును బాగుచేసుకోవడానికి ఖర్చవుతాయి. చిన్న పేగులో ఉండే ట్రైకోస్ట్రాంగైలస్ అనే నట్ట ఎముకల్లో కాల్షియం, భాస్వరం చేరడాన్ని కూడా తగ్గిస్తుంది.

ఆడపిల్ల ఎదకు రావడం వయసు కన్నా బరువును బట్టే ఎక్కువగా ఉంటుంది. పెద్ద గొర్రె బరువులో సుమారు 60-70 శాతానికి చేరాలి. బరువు ఆగితే ఎద ఆగుతుంది, తొలి ఈత వెనక్కిపోతుంది. పొట్టేలు పిల్లల్లో వృషణాల ఎదుగుదలా అంతే. ఎదకు రాలేదని సంతకు తోలే ముందు ఒక్కసారి ఆ పిల్ల కనురెప్ప చూడండి.

అపోహ: నెలనెలా మందకంతా మందు తాగిస్తే మంచిది.

వాస్తవం: అలా చేస్తే మందుకు లొంగని పురుగులే మిగిలి పెరుగుతాయి. బరువును తక్కువగా అంచనా వేసి తక్కువ మోతాదు పోసినా ఇదే నష్టం. తూకం వేసి తాగించండి. చూడి తొలి నెలలో ఆల్బెండజోల్ అనే నట్టల మందు వద్దు.

మందు తాగించిన 10-14 రోజులకు పెంటికలు పరీక్ష చేయించండి. వాటిలో నట్టల గుడ్లు తగ్గకపోతే మందు మార్చాలి. నమూనాను నేల మీద ఏరకుండా, చేతికి తొడుగు వేసుకుని పిల్ల మలద్వారం నుంచే తీసి అదే రోజు తీసుకురండి. వెచ్చదనానికి ఒక్క రోజులోనే గుడ్లు పొదిగిపోతే లెక్క తప్పుతుంది.