క్యూ మొదట్లో ఉన్నదాన్ని చూసేలోపే

తిరుపతిలో నేను పాఠం చెప్పే ల్యాబ్‌లో మొన్న ఒకమ్మాయి రాసిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ పొద్దుటి నుంచి బాగానే నడిచి, మధ్యాహ్నం ఉన్నట్టుండి పడిపోయింది. ‘‘ఖాళీగా లేదని చూసుకునే కదా సార్ ఫ్రంట్ అడిగినా, మళ్లా ఎట్ల పడిపోయింది?’’ అంది. ఆ ప్రోగ్రామ్‌లో విలువలను వచ్చిన వరుసలోనే దాచే క్యూ ఉంది, దాని మొదట్లో ఉన్నదాన్ని చూపించేది ఫ్రంట్. అప్పటికి క్యూలో మిగిలింది ఒక్కటే. ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒక్కోదాన్ని థ్రెడ్ అంటాం. ఈ థ్రెడ్ ‘ఖాళీ కాదు’ అని తెలుసుకుని ఫ్రంట్ దాకా వచ్చేలోపు ఇంకో థ్రెడ్ దాన్ని పట్టుకుపోయింది. ఒక థ్రెడ్ పనిలో ఉండగా ఇంకోటి రాకుండా ఆపే లాక్‌ను ఆ అమ్మాయి, ఖాళీయా అని చెప్పే ఎంప్టీకి వేసింది, ఫ్రంట్‌కి వేసింది, మొదటిదాన్ని తీసేసే పాప్‌కీ వేసింది. వాటి మధ్య సందులకు మాత్రం లాక్ లేదు. శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్లు ఇంకా ఉన్నాయని ఎవరో చెప్తే నమ్మి వరుసలో నిలబడ్డ వాళ్లకు ఈ సందు సంగతి బాగా తెలుసు.

ఒకే వనరు మీద ఇద్దరు పడితే ఏమిటన్నది పాత ప్రశ్నే. 1965లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దానికి సెమాఫోర్ అనే, వంతుల ప్రకారం లోపలికి వదిలే పద్ధతి చూపించారు. కానీ మా పిల్లలను పట్టి పీడించేది, పాప్ విలువను తిరిగి ఇవ్వకూడదన్న 1990ల నాటి నిర్ణయం. ‘పాప్’ విలువను తీసేసి, కాపీ చేసి ఇస్తుందనుకుందాం. ఆ కాపీ మధ్యలో ఎక్సెప్షన్, అంటే పనిని ఆపేసే పొరపాటు, వస్తే విలువ క్యూలోనూ ఉండదు, మన చేతికీ రాదు. 1994లో సీ ప్లస్ ప్లస్ నిపుణుడు టామ్ కార్గిల్, చివర పెట్టినదాన్నే ముందు తీసే స్టాక్ ఉదాహరణతో ఈ చిక్కునే ఎత్తిచూపారు. సీ ప్లస్ ప్లస్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో చూడటానికి ఫ్రంట్, తీసెయ్యడానికి పాప్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఆ నష్టం జరగదు. ఒక్క థ్రెడ్ ఉన్నంతకాలం అది మంచి పద్ధతే, ఇప్పటికీ అదే అంటాను. సీ ప్లస్ ప్లస్ 2011 ప్రమాణంలో థ్రెడ్లు భాషలోకి వచ్చాయి, క్యూ మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా ఫ్రంట్ ఇచ్చేది విలువ కాదు, రిఫరెన్స్, అంటే అది ఉన్న చోటు. అవతలి థ్రెడ్ పాప్ చేసిందంటే మన చేతిలో మిగిలేది కూల్చేసిన ఇంటి చిరునామా.

2004లో జావా 5తో వచ్చిన, పలు థ్రెడ్లు ఒకేసారి వాడదగ్గ కాంకరెంట్ క్యూలో ‘పోల్’ చూడటం, తీయడం ఒకే అడుగులో చేస్తుంది, ఏమీ లేకపోతే ‘లేదు’ అని చెప్పే నల్ ఇస్తుంది. తీయకుండా చూసే పీక్ కూడా ఉంది, కానీ అది చూపించింది మరుక్షణానికి అక్కడ ఉంటుందన్న హామీ లేదు. పైథాన్ క్యూలో పీక్ అసలు పెట్టనేలేదు. ఇంటెల్ తెచ్చిన టీబీబీ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ కాంకరెంట్ క్యూలోనూ ఫ్రంట్ లేదు.

చూడటం ఎప్పుడూ తప్పేనా? కాదు. తీసేవాడు ఒక్కడే అయితే, మిగతావాళ్లు వెనక చేర్చడమే తప్ప ముందున్నదాన్ని కదిలించరు. అప్పుడు లాక్ పట్టుకుని చూసినది, వాడు తీసేదాకా అక్కడే ఉంటుంది.

ఆ అమ్మాయి క్యూ నుంచి తీసే థ్రెడ్లు నాలుగు. అందుకే ఎంప్టీ, ఫ్రంట్, పాప్ మూడింటినీ ఒకే ఫంక్షన్‌లో ఒకే లాక్ కింద పెట్టించాను. విలువ ముందు కాపీ అవుతుంది, ఆ తర్వాతే పాప్. కార్గిల్ చెప్పిన చిక్కూ ఆ వరుసతోనే తీరిపోయింది.