మేజోడా, జోడా?

"ఏంటి మామయ్యా, ఉత్త సాక్సులతో నిలబడ్డావ్?" అన్నాడు మా మేనల్లుడు. షాపులో అద్దం ముందు ఉన్నాను. కాళ్లకి బూడిదరంగు అల్లిక షూ. లేసులు పేరుకే ఉన్నాయి. కింద ఇంత మందాన మెత్తటి అడుగు. చూడటానికి నిజంగానే వింతగా ఉంది. కాళ్లకి మాత్రం హాయిగా ఉంది. వేలల్లో ధర. కొనాలా, వద్దా?

అసలా హాయి ఎక్కణ్ణుంచి వస్తోంది? మగ్గం మీద నేసిన బట్టలో పడుగు, పేక దాదాపు తిన్నగా సాగి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మంగళగిరి చీర కొంగు నిలువుగా లాగి చూడండి, పెద్దగా సాగదు. సాగాలంటే నూలే సాగాలి మరి. అల్లిక సంగతి వేరు. అందులో ఒకే పోగు వంపులు తిరుగుతూ ఉచ్చులోంచి ఉచ్చు దూరుతుంది. లాగితే పోగు సాగదు, ఉచ్చు ఆకారం మారుతుంది. వదిలితే దాదాపు మొదటికొస్తుంది. నూలుతోనే చేసినా బనీను తలమీంచి సులువుగా దిగేది అందుకే. పాదంలో 26 ఎముకలున్నాయి. అడుగు వేసిన ప్రతిసారీ అది కాస్త పరుచుకుంటుంది, సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది. తోలు ఆ మార్పుకి ఎదురు నిలుస్తుంది, అల్లిక దారిస్తుంది.

మేజోళ్లు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే తయారుచేశాడు. అదే అల్లికని పెద్ద కంపెనీలు పరుగుపందేల షూకి పైభాగం చేసింది 2012లో, లండన్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది. నైకీ ఫ్లైనిట్, అడిడాస్ ప్రైమ్‌నిట్ రెండూ అప్పుడే వచ్చాయి. ఫ్లైనిట్ రేసర్ ఒక్కో షూ బరువు 160 గ్రాములైతే అందులో అల్లిక భాగం 34 గ్రాములే. 2016లో ఆల్‌బర్డ్స్ అనే కంపెనీ మెరినో జాతి గొర్రెల ఉన్నితో షూ తెచ్చింది. అది పందేనికి కాదు, ఊరికే తిరగడానికి. నేను వేసుకుని చూస్తున్నది ఆ బాపతుదే.

కంప్యూటర్ నడిపే అల్లిక యంత్రం ఒకే ముక్కలో వేళ్ల దగ్గర వదులుగా, పక్కల బిగువుగా అల్లగలదు. మధ్యలో వేడికి కరిగే పోగు వేసి కొన్నిచోట్ల గట్టిపరుస్తారు కూడా. కాబట్టి "అల్లిక షూ మంచిదేనా?" అని అడిగి లాభం లేదు. ఎక్కడ బిగువుగా ఉందన్నదే చూడాలి. తిన్నగా నడిచేటప్పుడు తేడా తెలియదు. బస్సు దిగుతూ గబుక్కున పక్కకి తిరిగితే పాదం షూ గోడని నెడుతుంది. గోడ మేజోడంత మెత్తనైతే పాదం షూ అడుగు అంచు దాటిపోతుంది, చీలమండ మెలిక పడుతుంది. నేను షాపులోనే ఒంటికాలి మీద నిలబడి అటూ ఇటూ ఊగి చూశాను. సేల్స్ కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు.

అడుగుభాగం మరో కథ. చాలావాటిలో అది ఈవీఏ అనే ఫోము, అంటే లక్షల చిన్న గాలిగదులు. వాడేకొద్దీ వాటి గోడలు నలిగి అడుగు అణిగిపోతుంది. షాపులో మనం మెచ్చుకునేది కొత్త ఫోముని. ఆరునెలల తర్వాత దాని తీరు వేరు.

అయితే హాయిని నమ్మొచ్చా? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్ బృందం 2001లో ఒక అధ్యయనం వెలువరించింది. 206 మంది సైనికుల్లో కొందరి చేత షూ లోపల వేసుకునే ఆరు రకాల అట్టలు వేయించి, ఎవరికి ఏది సుఖంగా ఉంటే అది వాడమన్నారు. అందరికీ నచ్చిన అట్ట ఒక్కటీ లేదు, ఎవరికీ నచ్చని అట్టా లేదు. వాడినవాళ్లలో నొప్పులు, ఎముక చిట్లడాలు వాడనివాళ్లకంటే తక్కువ కనిపించాయి. సుఖమే గాయాలని ఆపుతుందని దీంతో రుజువైపోలేదు. కానీ "మీ పాదం తీరు ఇది, మీకీ షూ వేయాలి" అని మిషన్ మీద నిలబెట్టి చెప్పే షాపువాడికంటే నా కాలినే నేను ఎక్కువ నమ్ముతాను.

కాలు అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి, లోపల రాయి ఉన్నా హాయిగానే అనిపిస్తుంది. మా అమ్మది ఆ పరిస్థితే. అలాంటివాళ్ల కోసం మన డాక్టర్లు రాసే ఎమ్‌సీఆర్ చెప్పులున్నాయి, సన్నటి గాలిబుడగల రబ్బరువి. వెల్లూరు ప్రాంతంలో కుష్ఠురోగుల పాదాలు కాపాడటానికి చేసిన కృషిలోంచి వచ్చినవి. అక్కడ "ఎలా ఉందమ్మా?" అని అడిగితే సరిపోదు. పాదాన్ని రోజూ కళ్లతో చూడాల్సిందే.

ఇక చెమట. మన ఎండలకి అల్లికలోని కంతలు గాలాడనిస్తాయి, ఆ మేరకు లాభమే. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం తేమ కూడా పట్టుకోదు, ఉన్ని మూడోవంతు దాకా పీల్చుకోగలదు. గాలి దూరే కంతలోంచి నీళ్లూ దూరతాయి మరి. హైదరాబాదులో జూలై సాయంత్రం రోడ్డు ఊహించుకోండి.

మొదటి జతలో మడమ కాస్త లేస్తోంది. అల్లిక ఇంకా సాగుతుంది కదా అని అర సైజు తక్కువది అడిగి, మళ్లీ ఒంటికాలి మీద ఊగి, కొన్నాను. కొన్నది జూన్ చివర్లో. డబ్బాలోంచి ఇంకా తియ్యలేదు.