నైరోబీ రేకుల గదులు: నేల ఒకరిది, అద్దె ఇంకొకరికి

2024 ఏప్రిల్, మే నెలల్లో వరదలు ముంచెత్తాక నైరోబీలోని మథారే, ముకురు వాడల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. నదికి 30 మీటర్ల లోపు ఉన్నవాళ్లంతా ఖాళీ చేయాలని కెన్యా ప్రభుత్వం ఆదేశించింది. నది ఒడ్డున ఇళ్లెందుకు కట్టారని ఎవరైనా అడుగుతారు. సరే, మరి పనిచేసి బతికేవాళ్లకు ఆ నగరం ఇంకెక్కడ చోటిచ్చింది?

నైరోబీ అంత పాత ఊరేం కాదు. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వైపు బ్రిటిష్‌వాళ్లు వేసిన రైలు మార్గం 1899లో అక్కడికి చేరింది. మసాయి తెగ పశుపాలకులు తమ మందలకు నీళ్లు తాపుకునే చిత్తడి నేలలో రైల్వే డిపో వెలిసింది. ఆ లైను వేయడానికి భారత్ నుంచి తీసుకెళ్లిన కూలీలు సుమారు 32,000 మంది, ఎక్కువగా పంజాబ్ వాళ్లు. కొన్నేళ్లకే డిపో కాస్తా రాజధాని అయింది. చల్లటి పడమటి గుట్టలు తెల్లవాళ్లు ఉంచుకున్నారు. ఆసియావాళ్లకు పార్క్‌లాండ్స్ లాంటి పేటలు, ఆఫ్రికన్లకు తూర్పు పల్లపు నేలలు. ఆ తూర్పు కూడా శాశ్వతం కాదు. పని ఉన్నన్నాళ్లే ఉండాలి, తర్వాత పల్లెకు పోవాలి. మగవాళ్ల మెడలో కిపాండే అనే గుర్తింపు పత్రం వేలాడేది. కూలి ఒంటిమనిషి ఖర్చుకు సరిపడా ఇచ్చేవారు, భార్యాబిడ్డలు పల్లెలోనే ఉంటారన్న లెక్కతో.

నైరోబీలోనే మరో పెద్ద మురికివాడ కిబెరా. దాని పుట్టుక ఇంకో రకం. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన సూడాన్ సిపాయిలను, అంటే నూబియన్లను, 20వ శతాబ్దం మొదట్లో నగరం పక్కన ఉన్న అడవి నేలలో దించారు. 4,000 ఎకరాలకు పైగా ఉన్న ఆ నేలలో ఉండనిచ్చారు గానీ, హక్కు పత్రం ఇవ్వలేదు. ఆ ఒక్క లోటు నూరేళ్లు వెంటాడింది.

బ్రిటిష్ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటును అణచడానికి ఎమర్జెన్సీ విధించారు. 1954 ఏప్రిల్‌లో నగరాన్ని దిగ్బంధించి, 20,000 మందికి పైగా ఆఫ్రికన్లను నిర్బంధ శిబిరాలకు తరలించారు. ఆ ఎమర్జెన్సీలోనే మథారే లోయ ఇళ్లు కూల్చేశారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. వలస పాలకుల అడ్డుకట్టలు పోయాయి, కుటుంబాలు నగరానికి కదిలాయి. 1969 జనగణనలో 5 లక్షలు దాటిన జనాభా 2019 నాటికి దాదాపు 44 లక్షలు. కానీ కట్టడాల నిబంధనలు మాత్రం తెల్లదొరల నాటివే. మట్టి, రేకులతో ఇల్లు వేసుకునే మనిషి ఆ నిబంధనల ప్రకారం నేరస్థుడే. 1970లో నగరపాలక సంస్థ వేల గుడిసెలు పడగొట్టింది. జనం పక్క వీధిలో మళ్లీ వేసుకున్నారు.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక సంగతి పట్టుకోవాలి. మురికివాడ అనగానే మనకు ఖాళీ జాగాలో గుడిసె వేసుకుని పట్టా కోసం ఎదురుచూసే కుటుంబం గుర్తొస్తుంది. నైరోబీలో అలా కాదు. 2004లో ప్రపంచ బ్యాంకు చేయించిన సర్వేలో ఈ వాడల కుటుంబాల్లో 92 శాతం అద్దెకున్నవే అని తేలింది. స్థానిక చీఫ్, అంటే ప్రభుత్వం నియమించిన అధికారి, నోటిమాటగా అనుమతిస్తాడు, ఎవరో వచ్చి ప్రభుత్వ భూమిలో పదడుగుల గదులు వరసగా కట్టిస్తాడు, నెలనెలా అద్దె లాగుతాడు. నేల తనది కాదు, పన్ను లేదు, మరుగుదొడ్డి కట్టే బాధ్యతా లేదు. పెట్టుబడి ఇట్టే తిరిగొస్తుంది. ఇలాంటి యజమానుల్లో అధికారులు, రాజకీయ నాయకులు ఉన్నారని పరిశోధకులు 1980ల నుంచే చెబుతున్నారు. పేదరికం మీద నడిచే ఇంత లాభసాటి వ్యాపారాన్ని ఎవరు చెడగొట్టుకుంటారు? అద్దెకున్నవాళ్లు మాత్రం నీళ్లు కూడా 20 లీటర్ల డబ్బాల లెక్కన, కుళాయి ఉన్నవాళ్లకంటే ఎక్కువ ధరకు కొనుక్కుంటారు. (కిబెరాలో పది లక్షల మంది ఉన్నారని చాలాకాలం రాశారు. 2009 జనగణన తేల్చింది 1,70,070. లెక్క తగ్గినంత మాత్రాన బాధ తగ్గలేదు.)

బాగుచేసే ప్రయత్నాలూ ఈ అద్దె గొడవ దగ్గరే ఇరుక్కున్నాయి. 1975లో ప్రపంచ బ్యాంకు సొమ్ముతో నగరం తూర్పున డండోరాలో సుమారు 6,000 ప్లాట్లు పంచారు. చాలా ప్లాట్లలో తర్వాత బహుళ అంతస్తుల అద్దె కొంపలు లేచాయి. 2017లో నూబియన్లకు కిబెరాలో 288 ఎకరాలకు ఉమ్మడి పట్టా దక్కింది, మొదట వాళ్లున్న నేలలో అది పదో వంతు కూడా కాదు. పశ్చిమ కెన్యా నుంచి వచ్చి అక్కడే తరాలుగా అద్దె కడుతున్నవాళ్లకు దక్కింది మాత్రం ఏమీ లేదు.

ముకురు కథ మరీ చిక్కు. పారిశ్రామికవాడకు ఆనుకుని ఉండటంతో జనం నడిచే పనికి పోతారు. ఆ నేలలో చాలా భాగం ప్రైవేటువాళ్ల పేర రాసి ఉంది. 2017లో నైరోబీ కౌంటీ (స్థానిక) ప్రభుత్వం దాన్ని ప్రత్యేక ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించింది, వాడవాసులతో కలిసి ప్రణాళిక వేయించింది. అయినా 2021లో ఓ రోడ్డు కోసం అందులోని ముకురు క్వా న్జెంగా అనే భాగంలో వేల ఇళ్లు కూల్చేశారు.