కెనడాలో కన్నీళ్లు తుడిచిన కాగితాలు

ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్లలో ఏం జరిగిందో బాధితుల నోటే విన్న కెనడా సత్యశోధన, సయోధ్య కమిషన్ సభల్లో ఒక పద్ధతి పాటించారు. చిన్ననాటి బాధ చెప్పుకుంటూ ఏడ్చినవారు కళ్లు తుడుచుకున్న కాగితపు రుమాళ్లను చెత్తబుట్టలో పడనివ్వలేదు. అన్నిటినీ పోగుచేసి పవిత్రాగ్నికి సమర్పించారు. ఆ కన్నీళ్లకు అంత విలువ దక్కడానికి వందేళ్లు దాటింది.

రెసిడెన్షియల్ స్కూలు అనగానే మనకు గురుకులం గుర్తొస్తుంది. సీటు వస్తే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. కెనడా ఆదివాసులకు ఆ మాట వింటేనే గుండె చెదురుతుంది. 1883 నుంచి ప్రభుత్వం డబ్బిచ్చి చర్చిల చేత నడిపించిన ఈ బడులు పిల్లల్లో ఆదివాసీతనమే లేకుండా చేయాలని పెట్టినవి. 1920 నాటి చట్ట సవరణ పిల్లలను బలవంతంగా తీసుకుపోయే అధికారం ఇచ్చింది. మొత్తం మీద సుమారు 1,50,000 మందిని చేర్చారు. రాగానే జుట్టు కత్తిరించేవారు, అమ్మభాష మాట్లాడితే కొట్టేవారు. క్షయతో పిల్లలు చనిపోతున్నారని వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే నివేదిక ఇచ్చారు. పట్టించుకోలేదు. చివరి బడులు మూతపడింది 1990ల రెండో సగంలో, అంటే నిన్నమొన్న.

బయటపడ్డవారిలో చాలామంది ఆ సంగతులు కన్నబిడ్డలకు కూడా చెప్పలేదు. 1990లో మనిటోబా ఆదివాసీ నాయకుడు ఫిల్ ఫాంటైన్ తన మీద జరిగిన అకృత్యాలను బయటపెట్టాక మిగతావారికీ ధైర్యం వచ్చింది. 1998లో ప్రభుత్వం విచారం వెలిబుచ్చి 35 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బుతో ఆదివాసులే నడిపే ఒక స్వస్థత సంస్థ ఏర్పడింది. ఊరి పెద్దల సాంత్వన, వలయంగా కూర్చుని మాట్లాడుకోవడం, స్వేద కుటీరాలు (వేడి ఆవిరిలో చెమట పట్టేలా కూర్చుని చేసే ఆదివాసీ శుద్ధి క్రతువు), కౌన్సెలింగ్... ఏ ఊరికి ఏది కావాలో ఆ ఊరే తేల్చుకునేది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ప్రభుత్వ సొమ్ము సవ్యంగా ఖర్చయింది ఇక్కడే.

తర్వాత 2006లో బాధితులకు పరిహారమిచ్చే ఒప్పందం కుదిరింది. బడిలో గడిపిన మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపై ప్రతి ఏడాదికి 3,000. పోయిన బాల్యానికి లెక్క కట్టడం వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. 2008లో ప్రధాని హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఆ ఒప్పందం కిందే ఏర్పడ్డ సత్యశోధన కమిషన్ తొలి జాతీయ సభ 2010 జూన్‌లో విన్నిపెగ్‌లో జరిగింది. స్వస్థత సంస్థకు కేంద్రం నిధులు ఆపేసింది ఆ ఏడాది మార్చిలోనే. ఆరోగ్య శాఖ కౌన్సెలింగ్ కొనసాగినా, సొంత మనుషులు నడిపిన కార్యక్రమాలు చాలావరకు ఆగిపోయాయి. పాత గాయాలు విప్పి చూపమన్న సమయానికే మందు అయిపోయింది. 2014లో ఆ సంస్థ కూడా మూతపడింది.

2015లో కమిషన్ 94 సిఫార్సులు చేసింది. వాటిలో 21వది: స్వస్థత కేంద్రాలకు నిలకడగా నిధులివ్వాలి.